అది అన్నయ్య ఇల్లా, నాన్నగారి ఇల్లా? ఆస్తి తగాదాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ విజయవాడ, గుంటూరు వైపు ఆస్తుల గురించే. దాదాపు అందరూ మొదటి లైన్లోనే "ఇది పిత్రార్జితం" అని రాసేస్తారు. ఆ ఇల్లు ఎవరు కొన్నారు, ఏ సంవత్సరంలో కొన్నారు, ఎవరి డబ్బు, కొన్నాయన ఎప్పుడు పోయారు, వీలునామా ఉందా లేదా అన్నది మాత్రం చివర్లో ఎక్కడో ఒక ముక్క ఉంటుంది, కొందరైతే అదీ రాయరు. నాకు కావలసింది ఆ ముక్కే. ఆస్తి ఏ దారిన ఇంట్లోకి వచ్చిందో తెలియకుండా ఎవరి వాటా ఎంతో చెప్పడం కుదరదు. పేర్లు తీసేశాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

*

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో పనిచేశారు. 1979లో సత్యనారాయణపురంలో స్థలం కొని, లోను తీసుకుని ఇల్లు కట్టారు. 2013లో పోయారు, వీలునామా రాయలేదు. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటోంది. నాకు 1982లో, చెల్లికి 1988లో పెళ్లయింది. నాన్నగారి పెద్దకర్మ రోజున అన్నయ్య ఒక స్టాంపు పేపరు తెచ్చి, మున్సిపల్ ఆఫీసులో పేరు మార్చడానికి అన్నాడు, ఇద్దరం చదవకుండానే సంతకం చేశాం. తర్వాత ఇంటి పన్ను తన పేరు మీదికి మార్చుకున్నాడు, 2016లో పైన ఒక అంతస్తు వేసి అద్దెకిచ్చాడు. ఇప్పుడు బిల్డరుతో అపార్ట్‌మెంట్ మాటలు నడుస్తున్నాయి. అడిగితే "1985 చట్టం ప్రకారం నీకు రాదు, చెల్లికి ఏదో ఇస్తాలే, అసలు ఉండే ఇంట్లో ఆడపిల్లలు వాటా అడగడానికి లేదు, అయినా 12 ఏళ్లు దాటిపోయింది" అంటున్నాడు. వదిన అయితే ఫోనే ఎత్తడం లేదు. మాకు ఏమైనా వస్తుందా?
ఒక సోదరి, విజయవాడ

జవాబు: వస్తుందమ్మా. మీ అన్నయ్య చెప్పిన నాలుగు మాటల్లో ఒక్కటీ నిలవదు, అయితే ఒక్కొక్కటీ ఎందుకు నిలవదో మీకు తెలియాలి, లేకపోతే రేపు పెద్దమనుషుల ముందు కూర్చున్నప్పుడు ఆయన గొంతే పైకి లేస్తుంది.

1985 సంగతి ముందు. ఆ ఏడాది సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో, అది గుర్తుపెట్టుకోండి. మీ నాన్నగారు జీతం డబ్బుతో కొన్న ఇల్లు ఆయన స్వార్జితం. దానికి 1985తో పని లేదు, మీ పెళ్లి ఎప్పుడైందన్న లెక్కా లేదు. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి సొంత ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం మొదటి తరగతి వారసులకు సమానంగా వెళ్తుంది. భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, నాన్నగారి తల్లి అప్పటికి బతికి లేరనుకుంటే నాలుగు వాటాలు. మీకు నాలుగో వంతు, మీ చెల్లికి నాలుగో వంతు, 1982 అయినా 1988 అయినా. ఈ హక్కు 1956 నుంచీ ఉన్నదే, 1985నూ, కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన 2005 సవరణనూ కలిపి చెప్పి ఆడపిల్లల్ని కంగారుపెట్టడం మన దగ్గర బాగా అలవాటైంది.

ఉండే ఇంట్లో ఆడపిల్లలు వాటా అడగకూడదన్నది ఒకప్పుడు నిజమే. పాత సెక్షన్ 23 ప్రకారం, కుటుంబం నివసిస్తున్న ఇంటిని మగ వారసులు పంచుకోవాలనుకునే దాకా కూతుళ్లు పంపకం అడగడానికి వీల్లేదు. ఆ సెక్షన్‌ను 2005లో ఎత్తేశారు. మీ నాన్నగారు పోయేటప్పటికి అది పుస్తకంలోనే లేదు.

స్టాంపు పేపరు మీద సంతకం గురించి మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నట్టున్నారు. వంద రూపాయలు దాటిన స్థిరాస్తిలో మీ హక్కు వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయాలి. పెద్దకర్మ రోజు భోజనాల మధ్య పెట్టించుకున్న కాగితంతో హక్కు పోదు. ఇంటి పన్ను రసీదూ అంతే, పన్ను ఎవరు కడుతున్నారో చెప్తుంది తప్ప యజమాని ఎవరో చెప్పదు. అయినా ఆ కాగితం జిరాక్సు ఎలాగైనా సంపాదించండి, అందులో ఏం రాసుందో చూడకుండా దావా వేయడం మంచిది కాదు.

దావా వేయడానికి 12 ఏళ్ల గడువు విషయం కాస్త జాగ్రత్తగా వినండి. సహవాటాదారుల్లో ఒకరు ఆస్తిలో ఉంటే, చట్టం దృష్టిలో అందరి తరఫునా ఉన్నట్టే. నాన్నగారు పోయిన రోజు నుంచి గడియారం తిరగదు, "నీకు వాటా లేదు పో" అని మిమ్మల్ని బయటకు నెట్టిన సంగతి మీకు తెలిసిన రోజు నుంచి తిరుగుతుంది. అందుకే ఆ మాట మొదటిసారి ఎప్పుడన్నాడో, ఎవరి ముందన్నాడో రాసి పెట్టుకోండి, వాట్సాప్ మెసేజీలుంటే తుడిచేయకండి.

పైన వేసిన అంతస్తు ఆయన డబ్బుతో వేసుకున్నాడని రుజువైతే, పంపకంలో ఆ భాగం ఆయన వైపు పడేలా చూడమనో, ఖర్చు లెక్కలోకి తీసుకోమనో అడగొచ్చు, కోర్టులు వింటాయి కూడా. అద్దె లెక్క మీరు అడగొచ్చు. అది ఇచ్చిపుచ్చుకోవడం, న్యాయంగానే ఉంటుంది. నేల మాత్రం నలుగురిదీ.

ఇంక బిల్డరు. నలుగురి సంతకాలు లేకుండా మీ అన్నయ్య చేసిన డెవలప్‌మెంట్ అగ్రిమెంటు ఆయన వాటా వరకే చెల్లుతుంది. సబ్ రిజిస్ట్రారుకు ఉత్తరం రాస్తే రిజిస్ట్రేషన్లు ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు, ఊరికే ఆగవు, కోర్టు ఉత్తర్వు కావాలి. ముందు ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలున్న సర్టిఫికెట్, తీయండి, లింకు డాక్యుమెంటు, అంటే నాన్నగారు స్థలం కొన్న దస్తావేజు, నకలు తీసుకోండి, అన్నయ్యకూ బిల్డరుకూ ఇద్దరికీ లాయరు నోటీసు ఇప్పించండి. బిల్డర్లు అన్నిటికంటే భయపడేది అక్కాచెల్లెళ్ల నోటీసుకే, ఫ్లాట్లకు బ్యాంకు లోన్లు రావని వాళ్లకు తెలుసు. దానికీ లొంగకపోతే పంపకం దావా, దానితోపాటే అప్పటిదాకా ఇల్లు కదపకుండా ఆపమని ఇంజంక్షన్ పిటిషన్. దావా పడ్డాక ఎవరు కొన్నా ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. కోర్టు ఫీజు మీరు ఉమ్మడి అనుభవంలో ఉన్నారా, పూర్తిగా బయటకు నెట్టేశారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటిదైతే నామమాత్రం, రెండోదైతే మీ వాటా మార్కెట్ విలువ మీద. దావా రాసేటప్పుడు ఈ వాక్యం ఎలా రాయాలో లాయరుతో కూర్చుని తేల్చుకోండి. డబ్బు ఇబ్బందైతే, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఒక్క మాట, మీకు నచ్చకపోవచ్చు. అమ్మగారి నాలుగో వంతు అమ్మగారిదే. ఆవిడ దాన్ని అన్నయ్యకు రాసిస్తానంటే మీరు ఆపలేరు, అందుకే మూడో వంతు కావాలని మొదలుపెట్టి మాట చెడగొట్టుకోకండి.

*

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో మా తాతయ్య 1962లో కొన్న ఇల్లు. తాతయ్య 1991లో పోయారు, నాన్నమ్మ అంతకుముందే పోయింది. మా నాన్న ఇప్పుడు నన్ను అడక్కుండా అమ్మేస్తానంటున్నాడు. తాత ఆస్తి మనవడిది అంటారు కదా, దావా వేసి ఆపొచ్చా? నాకు ఒక మేనత్త కూడా ఉంది, ఆవిడకు పెళ్లప్పుడే కట్నం ఇచ్చేశారు.
జి., గుంటూరు

జవాబు: తాత ఆస్తి మనవడిదన్న మాట ఎక్కడ పుట్టిందో గాని దాని మీద పడిన దావాలకు లెక్క లేదు. తాతయ్య సొంతంగా కొన్న ఇల్లు, వీలునామా లేకుండా 1991లో పోయారు. సెక్షన్ 8 ప్రకారం అది పిల్లలకు వెళ్లింది, అలా వచ్చింది మీ నాన్నగారి చేతిలో ఆయన సొంత ఆస్తే అవుతుంది, మీరు పుట్టినందువల్ల అందులో మీకు హక్కు రాదు. సుప్రీంకోర్టు ఈ మాట 1986లో చందర్ సేన్ కేసులో చెప్పింది, తర్వాత యుధిష్ఠిర్ కేసులో మళ్లీ చెప్పింది. మీ దావా నిలవదు.

కానీ మీ నాన్నగారు మొత్తం ఇల్లు అమ్మలేరు. పిల్లలకు వెళ్లింది అన్నానే, ఆ పిల్లల్లో మీ మేనత్త ఉంది. సగం ఆవిడది. కట్నం ఇచ్చామన్నది వారసత్వానికి జవాబు కాదు, ఇవ్వడమే నేరమని 1961 నుంచి చట్టం ఉంది, దాన్ని కోర్టులో ఎలా చెప్తారు? మీరు దావా వేస్తే మొదట నోటీసు అందుకునేది ఆవిడే, అప్పటిదాకా రాని ఆలోచన అప్పుడు వస్తుంది. తెలిసి చేయండి.

*

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. పటమటలో మా వారు నా పేరున కొన్న ఇల్లు 2019లో మా ఒక్కగానొక్క కొడుక్కి సెటిల్‌మెంట్ దస్తావేజు రాసిచ్చాను. ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను అని రాశారు, ఇంకేం రాశారో నాకు తెలియదు. రెండేళ్లు బాగానే చూశాడు. తర్వాత కోడలికీ నాకూ పడక నన్ను వెనక గదిలో పెట్టారు, ఇప్పుడు ఆ గది కూడా అద్దెకిస్తారట, వృద్ధాశ్రమం చూసుకోమంటున్నారు. దస్తావేజు రద్దు చేసుకోవచ్చా?
ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు ఒక్కరే వెళ్లి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రద్దు పత్రం రాసేస్తే కుదరదు. కొందరు దస్తావేజు లేఖరులు డబ్బు తీసుకుని అలాంటివి రాసిపెడతారు, ఆ దారి పట్టకండి.

మీకున్న దారి 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. దాని సెక్షన్ 23 ఏమంటుందంటే, 60 ఏళ్లు దాటినవాళ్లు తమ కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్క, దాన్ని చెల్లదని ప్రకటించమని ట్రైబ్యునల్‌ను అడగొచ్చు. ట్రైబ్యునల్ అంటే మీకు దూరమేమీ కాదు, ఆర్డీవో గారే. మామూలు అర్జీ రాసినా చాలు.

చిక్కు ఆ షరతు దగ్గరే వస్తుంది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు షరతు ఉందని చూపించాల్సిందే అంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఈ చట్టం పెద్దవాళ్ల మేలు కోసం వచ్చింది, దాన్ని విశాలంగా చదవాలి అంటూ ఒక తల్లికి ఇల్లు తిరిగి ఇప్పించింది. అయితే ఆ కేసులో కొడుకు చూసుకుంటానని విడిగా కాగితం రాసిచ్చాడు. కాబట్టి మీరు మొదట చేయాల్సింది మీ దస్తావేజు నకలు తెచ్చుకుని ఎవరితోనైనా చివరి పేజీ దాకా చదివించుకోవడం. "జీవితాంతం పోషిస్తాడని", "నాకు నివాస హక్కు ఉంచుకుని" లాంటి ముక్క ఎక్కడైనా ఉంటే మీ కేసు గట్టిది. లేకపోతే, చూసుకుంటానని రాసిన ఉత్తరం, మెసేజీ, అప్పుడు కూర్చున్న పెద్దల మాట, ఏది దొరికినా అర్జీకి జత చేయండి.

రద్దు సంగతి తేలేలోపు తిండికీ మందులకూ ఆగనక్కర్లేదు. అదే ట్రైబ్యునల్‌లో నెలనెలా పోషణ ఖర్చు ఇప్పించమని అడగండి, నోటీసు వెళ్లాక 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లో కలెక్టరు స్థాయిలో అప్పీలు. గదిలోంచి సామాను బయట పెట్టే పరిస్థితి వస్తే 14567కు ఫోన్ చేయండి, అది వయోవృద్ధుల హెల్ప్‌లైన్. ఇల్లు ఖాళీ చేసి మాత్రం వెళ్లకండి, ఎవరు ఎంత సర్దిచెప్పినా.

ఇది చదువుతున్న మిగతా పెద్దవాళ్లకు చెప్తున్నా. పిల్లలకు ఇవ్వాలనుకుంటే వీలునామా రాయండి, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంటే కావాలని పిల్లలు పట్టుబడితే "నా జీవితకాలం అనుభవ హక్కు నాదే, నన్ను పోషించాలి" అన్న వాక్యాలు దస్తావేజులో ఉండి తీరాలి. ఆ వాక్యం రాయించడానికి మొహమాటపడే తల్లులే తర్వాత నాకు ఉత్తరాలు రాస్తున్నారు.

*

ప్రశ్న: మా పుట్టిల్లు రాజధాని గ్రామాల్లో ఒకటి. ముత్తాత నుంచి వచ్చిన మూడెకరాల జరీబు, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి. తాతయ్య 1951లో పోతే నాన్నకు వచ్చింది. నాకు 1994లో పెళ్లయింది, అమ్మ 1999లో, నాన్న 2001లో పోయారు. 2015లో అన్నదమ్ములిద్దరూ, రాజధాని కోసం భూమి తీసుకుని ప్లాట్లిచ్చే భూసమీకరణలో ఇచ్చేసి ప్లాట్లు వాళ్ల పేర్లతో తీసుకున్నారు, కౌలు కూడా వాళ్లకే పడింది. 1998లోనే నోటిమాటగా పంచుకున్నామని, నాన్న 2005కు ముందే పోయారు కాబట్టి నాకు హక్కు లేదని, పైగా పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చామని అంటున్నారు. ఆ అరెకరం నేను ఎప్పుడూ చూడలేదు.
ఎస్., లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఇది నిజంగా పిత్రార్జితమే, 1956కు ముందు తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఉమ్మడి ఆస్తి. పైన సత్యనారాయణపురం అక్కకు అక్కర్లేని తేదీలన్నీ మీకు కావాలి.

2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చింది, కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమానంగా ఉమ్మడి వాటాదారు అంది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ చాలా ఏళ్లు నడిచింది, 2015లో ఒక బెంచి ఉండాలి అంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీలు అక్కర్లేదని తేల్చేశారు. కాబట్టి నాన్నగారు 2001లో పోవడం మీకు అడ్డు కాదు.

నోటిమాట పంపకం ఉంది చూశారూ, అది ఇలాంటి దావాల్లో మగవాళ్ల బ్రహ్మాస్త్రం. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను చట్టం కదపదు. నోటిమాట పంపకం అన్నప్పుడు మాత్రం, ప్రభుత్వ రికార్డులు గట్టిగా బలపరిస్తే తప్ప నమ్మొద్దని వినీతా శర్మ తీర్పులోనే ఉంది. 1998 నుంచి అడంగల్, 1బి లాంటి రెవెన్యూ భూమి రికార్డులు, పట్టాదారు పాసు పుస్తకాలు ఎవరి పేర్ల మీద విడివిడిగా ఉన్నాయో తీయించండి. నాన్నగారి పేరే 2001 దాకా నడిచి ఉంటే వాళ్ల కథ అక్కడే సగం పోతుంది.

ఇంకొకటి, దీన్ని మీ లాయరు తప్పకుండా పట్టుకోవాలి. మీకు 1994లో పెళ్లి, అంటే 1985 సెప్టెంబరు 5కి మీరు పెళ్లికాని కూతురు. మన రాష్ట్ర సవరణ ప్రకారం మీరు ఆ రోజే ఉమ్మడి వాటాదారు అయిపోయారు. 1998లో నిజంగానే పంచుకున్నారనుకుందాం, వాటాదారును ఒకరిని వదిలేసి పంచుకున్నదాన్ని మీ మీద ఎలా రుద్దుతారు? మీ అన్నదమ్ములు 2005 గురించే మాట్లాడుతున్నారంటే వాళ్లకు 1985 గుర్తులేదన్నమాట.

పసుపు కుంకుమ భూమి కూడా అంతే. స్థిరాస్తి దానం చేయాలంటే రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షులు ఉండాలి. దస్తావేజు లేదు, మీ స్వాధీనంలోకి రాలేదు, ఇంక ఇచ్చిందేమిటి?

మీ లెక్క మూడో వంతు. భూమి పోయి ప్లాట్లు వచ్చినా వాటా దాని వెంటే వస్తుంది. జరీబు ఎకరానికి 1000 గజాల నివాస ప్లాటు, 450 గజాల వాణిజ్య ప్లాటు, మొదటి ఏడాది ఎకరానికి 50,000 కౌలు అన్నది ప్యాకేజీ. ప్లాట్లలో వాటాతోపాటు తీసుకున్న కౌలు లెక్క కూడా దావాలో అడగండి. రాజధాని ప్లాట్లు ఇచ్చే సంస్థ సీఆర్డీఏకు కూడా నోటీసు వెళ్లాలి, ప్లాట్లు అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు అడగాలి. మిమ్మల్ని పక్కన పెట్టిన సంగతి 2015 ప్రాంతంలోనే తెలిసిందని వాళ్లు వాదిస్తారు, 12 ఏళ్ల గడువు అక్కణ్నుంచి లెక్కేస్తారు. అందుకని రాఖీ పండక్కి మాట్లాడదాం, సంక్రాంతికి తేల్చుకుందాం అని సాగదీయకండి.

*

ప్రశ్న: మేం క్రైస్తవులం, గుంటూరు అరండల్‌పేటలో సొంత ఇల్లు, మా ఆయన కొన్నదే. ఆయన వీలునామా లేకుండా పోయారు. ఇద్దరు పిల్లలు. మా అత్తగారు తనకూ వాటా ఉందని, ఇల్లు అమ్మి ఇవ్వమని అడుగుతున్నారు. మా పక్కింటి లాయరు కూడా తల్లికి సమాన వాటా అన్నారు.

జవాబు: పక్కింటాయన హిందూ చట్టం చెప్పారు. మీకు వర్తించేది 1925 భారత వారసత్వ చట్టం. అందులో పిల్లలున్నప్పుడు భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. చనిపోయినాయన తల్లికి వారసత్వంగా ఏమీ రాదు. మీ ఇంట్లో మీకు ఒకటి, పిల్లలకు చెరొకటి, మూడు సమాన భాగాలు. పిల్లలు మైనర్లయితే వాళ్ల భాగం అమ్మడానికి కోర్టు అనుమతి తీసుకోవాలి. అత్తగారిని చూసుకోవడం వేరే విషయం, అది మీ మనసు.

*

ప్రశ్న: నేను రిటైరైన టీచరును, పిల్లల్లేరు, మా వారు పోయి చాలా ఏళ్లైంది. బ్రాడీపేటలో మా నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చిన పాత ఇంటి భాగం ఒకటి, నా జీతంతో కొనుక్కున్న ఫ్లాట్ ఒకటి ఉన్నాయి. నన్ను చూసుకుంటున్నది మా అన్నయ్య కూతురు. మా వారి తమ్ముడి పిల్లలు ఈ మధ్య పండగలకు వచ్చి "పిన్నీ పెద్దమ్మా" అంటూ తెగ తిరుగుతున్నారు. నా తర్వాత ఇవి ఎవరికి వెళ్తాయి?
ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు

జవాబు: వాళ్లెందుకు తిరుగుతున్నారో వాళ్లకు ఎవరో చెప్పే ఉంటారు. మీరు వీలునామా రాయకపోతే పాత ఇంటి భాగం, అది తండ్రి నుంచి వారసత్వంగా వచ్చింది కాబట్టి, మీ నాన్నగారి వారసులకు, అంటే పుట్టింటి వైపు వెళ్తుంది. ఫ్లాట్ మాత్రం మీ భర్త వారసులకు. మీరు బడిలో చాక్‌పీసు పట్టుకుని సంపాదించిన జీతంతో కొన్నది, ఆయన రూపాయి లేకపోయినా సరే. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 అలా ఉంది. 2009లో ఓం ప్రకాశ్ కేసులో భర్త పోయాక అత్తింటివాళ్లు వెళ్లగొట్టిన ఒక మహిళ సొంత సంపాదన కూడా ఆ అత్తింటివాళ్లకే పోయింది, జాలి వేరు చట్టం వేరు అని కోర్టు అంది. నాకైతే ఈ సెక్షన్ ఇంకా పుస్తకంలో ఉండటమే సిగ్గుచేటు అనిపిస్తుంది. మగవాడి స్వార్జితం అత్తారింటికి పోతుందని ఎవరైనా రాసి ఉంటే ఒక్క ఏడాది నిలిచేదా?

ఇదంతా వీలునామా లేనప్పుడే. రెండూ మీ సొంతం, ఎవరికైనా రాసుకోవచ్చు. తెల్లకాగితం మీద కూడా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, కానీ చేయించండి. ఇద్దరు సాక్షులు మీరు సంతకం చేయడం చూసి సంతకం చేయాలి. రేపు కోర్టుకు వస్తే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి, కాబట్టి మీ వయసు స్నేహితురాళ్లను కాకుండా మీకంటే చిన్నవాళ్లను, వీలైతే మిమ్మల్ని చూసే డాక్టరును పెట్టుకోండి. మీ మేనకోడలు, ఆమె భర్త సాక్షులుగా ఉండకూడదు, ఆ రోజు దగ్గరుండి హడావుడి చేయకపోతే ఇంకా మంచిది. లబ్ధి పొందేవాళ్లే ముందుండి రాయిస్తే కోర్టు అనుమానంగా చూస్తుంది, 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచీ ఇదే వరస. భర్త తరఫు వాళ్లకు ఎందుకు ఇవ్వడం లేదో ఒక్క వాక్యం రాయండి, తిట్టొద్దు, కారణం చెప్పండి చాలు. నడవలేకపోతే సబ్ రిజిస్ట్రారు ఇంటికి వచ్చి రిజిస్టరు చేసే వీలుంది. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీల్ వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేయొచ్చు. ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, తప్పదని ఎవరైనా భయపెడితే వినకండి, మన దగ్గర దాంతో పనిలేదు.

*

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను. భవానీపురం ఇంటి పంపకానికి రాలేను. తమ్ముడు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపమంటున్నాడు, పంపొచ్చా?

జవాబు: పంపండి, కానీ అన్నీ కలిపిన జనరల్ పవర్ వద్దు. ఫలానా ఇంటి పంపక దస్తావేజు మీద నా తరఫున సంతకం చేయడానికి, ఫలానా భాగం నాకు వచ్చేలా అని ప్రత్యేకంగా రాయండి, అమ్మే అధికారం, లోను పెట్టే అధికారం లేదని కూడా రాయండి. ఇండియన్ కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపాక, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, చాలామందికి ఇది తెలియక కాగితం బీరువాలో ఉండిపోతుంది. తమ్ముడి బదులు ఆ పంపకంలో వాటా లేని బావమరిదికో స్నేహితుడికో ఇవ్వగలిగితే ఇంకా నయం.

*

ప్రశ్న: మా నాన్నగారు పోయాక ఆయనకు ఇంకో కుటుంబం ఉందని తెలిసింది. గుడిలో పెళ్లి కూడా చేసుకున్నారట, ఫొటోలు చూపిస్తున్నారు, 19 ఏళ్ల అబ్బాయి. అమ్మ బతికే ఉంది, విడాకులు లేవు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు, నా పేరే పెట్టించి గుణదల ఇల్లు మా పేరు మీదికి మార్చుకుంటే సరిపోతుందా? ఇల్లు నాన్న కొన్నదే.
ఒక కుమార్తె, విజయవాడ

జవాబు: సరిపోదమ్మా. మొదటి పెళ్లి ఉండగా చేసుకున్న పెళ్లి చెల్లదు, కాబట్టి ఆవిడకు భార్యగా ఏమీ రాదు. అబ్బాయి సంగతి వేరు. చెల్లని పెళ్లిలో పుట్టిన బిడ్డ కూడా తల్లిదండ్రుల ఆస్తి వరకు సక్రమ సంతానమేనని హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 అంటుంది. ఇల్లు నాన్నగారి స్వార్జితం కాబట్టి అమ్మగారికి, మీకు, ఆ అబ్బాయికి తలా మూడో వంతు. ఉమ్మడి ఆస్తి అయి ఉంటే, 2023 సెప్టెంబరు 1న రేవణసిద్ధప్ప కేసులో చెప్పినట్టు, నాన్నగారి భాగానికి వచ్చిన దాంట్లో మాత్రమే అతనికి వాటా ఉండేది.

మీ అమ్మగారి కోపం నాకు అర్థమవుతుంది, ఆ కోపంలో తహసీల్దారు ఆఫీసులో తప్పుడు డిక్లరేషన్ ఇవ్వకండి. ఆ సర్టిఫికెట్ హక్కును పుట్టించదు, ఉన్న హక్కును తీసేయదు, తప్పు చెప్పి తీసుకున్నారని తేలితే కేసు మీ మీదికి వస్తుంది. ముందు ఆ పెళ్లి నిజంగా జరిగిందా, అబ్బాయి నాన్నగారి కొడుకేనా అన్నది వాళ్లు రుజువు చేసుకోవాలి, స్కూలు రికార్డులు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడగండి. రుజువులు గట్టిగా ఉంటే కోర్టు దాకా పోకుండా అతని మూడో వంతుకు వెలకట్టించి, డబ్బు ఇచ్చి, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటే ఇల్లు మీ ఇద్దరికీ మిగులుతుంది. అతనికి 18 దాటాయి కాబట్టి సంతకం అతనే చేయాలి, వాళ్లమ్మ చేస్తే చెల్లదు.